కవరు మీద ఒక గీత

ప్రతి మంగళవారం పాన్‌గల్ నుంచి బస్సు దిగి మా వనపర్తి వీధిలోకి ఒక గాజులామె వస్తుంది. నేను బడిలో పాఠాలు చెప్పే రోజుల నుంచీ నా చేతికి గాజులు తొడిగేది ఆమే. జరిగినది జరిగినట్లు ఏ రోజుకా రోజు నోటుపుస్తకంలో రాసుకోవడం నా అలవాటు. ఉద్యోగ విరమణ తరువాతా అది పోలేదు. ఆ పుస్తకంలో ఒక మంగళవారం నాటి పంక్తిని ఇప్పటికీ తల దించుకోకుండా చదవలేను: 'గాజులామె వచ్చింది. నోరంతా పూసిందట. వేడి చేసిందన్నాను. మజ్జిగ ఇచ్చాను.'

అది వేడి కాదు. వారానికి ఒకటి వేసుకోవలసిన మాత్ర ఆమె రోజుకొకటి వేసుకుంటున్నది. ఏం మందులు వాడుతున్నావని నేను అడగలేదు.

ఆమెకు కీళ్లవాతం. వేళ్ల కణుపులు వాచి, గాజు తొడిగేటప్పుడు ఎదుటివారి చేతికంటే తన చేయే ఎక్కువ నొచ్చేది. డాక్టరు రాసిన చీటీలో తప్పు లేదు; 'వారానికి ఒకసారి, ఆదివారం' అని స్పష్టంగానే ఉంది. తప్పు మందుల దుకాణంలో జరిగింది. చదువు రానివారి కోసం మా వైపు దుకాణాలలో కాగితపు కవరు మీద పెన్నుతో గీతలు గీసి ఇస్తారు. ఒక గీత ఉంటే పొద్దున ఒకటి. రెండు గీతలుంటే పొద్దున, రాత్రి. వారానికి మాత్రం గుర్తే లేదు. ఆమె రోజూ వాడే రక్తపోటు మాత్రల కవరు మీద ఒక గీత గీసిన దుకాణదారు, కీళ్ల మాత్రల కవరు మీదా అదే గీత గీసి ఇచ్చాడు. పది మాత్రల పట్టీ పది రోజులలో అయిపోయింది.

తరువాతి రెండు మంగళవారాలు నా పుస్తకంలో 'రాలేదు' అని మాత్రమే ఉంది. మూడవ వారం ఫోను చేస్తే ఆమె కోడలు ఎత్తింది. పాలమూరు దవాఖానలో చేర్చారట. రక్తంలో తెల్లకణాలు పడిపోయాయట. ఖాళీ పట్టీ చూసిన తరువాతే అక్కడి డాక్టరుకు సంగతి అర్థమైంది.

ఆమె బతికి ఇల్లు చేరింది. చూడడానికి పాన్‌గల్ వెళ్లాను. సగం జుట్టు రాలిపోయింది. నేను కూర్చోకముందే కోడలు అందుకుంది.

"మా అత్తకు జర తొందరెక్కువ టీచరమ్మా. నొప్పి జల్ది పోవాలని రోజు మింగింది."

"నేను మింగలేదే, ఆ గీత మింగిచ్చింది," అన్నది ఆమె గోడవైపు తిరిగి. మళ్లీ ఇటు తిరిగి నా చేయి పట్టుకుంది. "దవాఖాన కర్సు గురించి కాదు టీచరమ్మా. ఈడ అందరు నాదే తప్పంటుండ్రు. నాది కాదని ఎవరన్న కాయిదం మీద రాసియ్యాలె."

ఆమె కోరినది అంతే.

ఇద్దరం దుకాణానికి వెళ్లాము. దుకాణదారు నన్ను చూసి మర్యాదగానే లేచి నిలుచున్నాడు.

"వారానికొకటని నోటితోని చెప్పినం టీచరమ్మా. సదువు రానోళ్లకు ఇంకెట్ల చెప్పాలె?"

"నోటితోని చెప్పేటోనివి గీత ఎందుకు గీస్తివయ్యా? నీ పెన్ను సోకుకా?" అన్నది ఆమె.

బిల్లు అడిగితే అసలు రాయనే లేదన్నాడు. డాక్టరు చీటీ వెనుక వేసిన దుకాణం ముద్ర మాత్రం అతనివైపే చూస్తున్నది.

నాకు ఒళ్లు మండింది. అయితే కోపాన్ని క్రమంలో పెట్టకపోతే ఎవరికీ పనికిరాదు. మరునాడే కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లాము. స్త్రీలకు అక్కడ వకీలును ఉచితంగా ఇస్తారని నాకు ఆ రోజే తెలిసింది. మాకు ఇచ్చిన వకీలు చిన్న వయసు అమ్మాయి, ఓపికగా చెప్పింది. దుకాణం లైసెన్సు సంగతి ఔషధ తనిఖీ అధికారికి రాయవచ్చు. పోలీసు కేసు పెట్టవచ్చు, కాని అందులో నిర్లక్ష్యం ఘోరమైనదని రుజువు కావాలి. పరిహారంతో పాటు తప్పు ఎవరిదో తేల్చే తీర్పు కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్. నష్టం జరిగిన రెండేళ్ల లోపల అక్కడికి వెళ్లాలి. మేము తనిఖీ అధికారికి ఒక ఫిర్యాదు పంపి, కమిషన్ దారి పట్టాము.

దవాఖాన రికార్డుల నకలు కోసం దరఖాస్తు ఇస్తే, "రేపు రాండ్రి" అన్నారు. అందినట్లు ముద్ర వేసి ఇచ్చేదాకా ఇద్దరం బల్ల ముందు నుంచి కదలలేదు. మూడవ నాటికి నకలు వచ్చింది.

అసలు సాక్ష్యం ఆమె గాజుల పెట్టె అడుగున దొరికింది. గాజులు చుట్టి ఇవ్వడానికి పనికివస్తాయని పాత కవర్లన్నీ ఆమె దాచిపెట్టుకునేది. రోజూ వేసుకునే మాత్రలవన్నీ ఒకే గీత. ఏ కవరు మీదా మందు పేరు లేదు; కీళ్ల మాత్రల కవరూ వాటిలో ఒకటిగా కలిసిపోయి ఉంది. అదే పెన్ను, అదే వంపు.

నా నోటుపుస్తకం కూడా అవసరమైంది, నోరు పూసిన తేదీ అందులోనే ఉంది కనుక. వకీలమ్మ ఆ పేజీ చదివి సందేహించింది. "మేడం, మీరు చూసి గూడ దవాఖానకు పంపలేదని అవతలోళ్లు పట్టుకుంటరు. ఇది పెట్టకున్నా నడుస్తది." గాజులామె దాచిన కవర్లలో ఏదీ తీసివేయనప్పుడు నా పేజీ ఎలా తీసివేస్తాను? పెట్టమన్నాను.

అనుకున్నట్లే కమిషన్ విచారణలో దుకాణదారు వకీలు దానినే పట్టుకున్నాడు. నేను లేచి, అధ్యక్షుల అనుమతితో చెప్పాను: "ఆ రోజు నేను అడగకపోవడం నిజం. దానిని నేనే రాసుకున్నాను. కవరు మీద గీత గీసినవారు కూడా తాము గీసినదాన్ని ఒప్పుకోవాలి." అధ్యక్షులు కవర్లన్నీ బల్ల మీద వరుసగా పెట్టించి, కీళ్ల మాత్రలదేదో చూపమని దుకాణదారును అడిగారు. అతడు వంగి చాలాసేపు చూశాడు. చూపలేకపోయాడు.

తీర్పు నకలు చేతికి రావడానికి చాలా నెలలు పట్టింది. పరిహారం ఆమె అనుకున్నదానికంటే ఎక్కువే, పడిన బాధకంటే తక్కువే. పాన్‌గల్‌లో ఆమె వాకిట్లో కూర్చుని ఆ కాగితాన్ని తెలుగులో చెప్పసాగాను. 'రోగి తనకు ఇచ్చిన గుర్తు ప్రకారమే మందు వాడినది. ఆమె వైపు ఏ తప్పూ లేదు' అన్న చోట ఆమె నన్ను ఆపింది.

"ఆ మాట ఇంకొక్కసారి టీచరమ్మా. జర గట్టిగ. మా కోడలు లోపల రొట్టెలు జేస్తుంది."

గట్టిగానే చదివాను. లోపల రొట్టెల చప్పుడు ఆగింది.