మావయ్య చెప్పిన రుచులు

నేను సిగార్ల మీద రాస్తాను. వారమంతా విజయవాడలో ఒక ప్రకటనల ఆఫీసులో ఉద్యోగం, సెలవు రోజుల్లో ఒక ఇంగ్లీషు వెబ్‌సైటుకి రివ్యూలు. ఖరీదైన సిగార్లు వాళ్ళే పంపుతారు. నేను కాల్చి, రుచి ఎలా ఉందో రాసి పంపుతాను. ఈ మాట వింటే మా చుట్టాల్లో సగంమంది నవ్వుతారు, మిగతావాళ్ళు మా ఆవిడ వంక జాలిగా చూస్తారు. అయితే ఆ రాతల్లో పదిమందీ మెచ్చుకున్నవేవీ నావి కావు. అవి మా మేనమామవి.

మావయ్యది కంకిపాడు. వరీ చెరకూ పండించి, మోకాళ్ళు మొరాయించాక పొలం కౌలుకిచ్చాడు. చుట్ట మాత్రం ఎప్పుడూ కొనలేదు. కృష్ణ పాయల మధ్య లంకల్లో పండిన పొగాకు తెప్పించుకుని, పెరటి కొట్టంలో మాగబెట్టి, ఈనెలు తీసి, తనే చుట్టుకునేవాడు. అత్తయ్య ఆ కొట్టం గడప తొక్కేది కాదు.

నాలుగేళ్ళ క్రితం కంటి పరీక్షకని విజయవాడ పటమటలో మా ఇంటికొచ్చాడు. ఆరోజు నా దగ్గర నికరాగువా నుంచి వచ్చిన సిగారొకటి ఉంది. బొటనవేలంత లావు, కాఫీ గింజ రంగు. ఆ రకాన్ని ఇంగ్లీషులో 'ఫుల్ బాడీడ్' అంటారు. అంటే పొగ చిక్కగా, ఘాటుగా, నోరంతా ఆక్రమించేలా ఉంటుంది. బాల్కనీలో కూర్చుని నోట్‌బుక్‌లో 'కోకో, తోలు, మిరియాలు' అని రాసుకుంటున్నాను. ప్రతి ఘాటు సిగారుకీ నేను రాసే మాటలే అవి.

"ఏంట్రా అది, చుట్టేగా?" అన్నాడు మావయ్య.

"సిగార్ మావయ్యా. విదేశాలది."

"ఏదీ, ఇట్టా ఇవ్వు."

పొగ పీల్చి, నోట్లోనే కాసేపు ఉంచి, మెల్లగా వదిలాడు. కళ్ళు మూసుకున్నాడు. ఇంకో రెండు దమ్ములు లాగాక చెప్పాడు.

"ఆకు మంచిదేరా. బాగా మాగింది. వాన వెలిసిన మర్నాడు గడ్డివాము విప్పితే లోపల్నించి వెచ్చగా ఒక వాసనొస్తది చూడు, అదుంది ముందు. తర్వాత బెల్లం పాకం కొంచెం అడుగంటినట్టు. కానీ లోపల ఒక ఆకు తొందరపడి ఆరబెట్టారు. సగం కాలాక నాలిక చివర గీరుతుంది, చూడు."

నేను నవ్వేశాను. సగానికి వచ్చేసరికి నాలుక చివర నిజంగానే గీరింది.

గడ్డివామునీ అడుగంటిన పాకాన్నీ ఇంగ్లీషులో పెట్టి పంపాను. ఎవరు చెప్పారో రాయలేదు. 'ఇన్నాళ్ళకి ఒక మనిషి రాసినట్టుంది' అని ఎడిటర్ మెయిలిచ్చాడు. ఆ ముక్క చాలాసార్లు చదువుకున్నాను.

ఆ తర్వాత పదిహేను రోజులకోసారి సిగార్లు పట్టుకుని కంకిపాడు వెళ్ళేవాణ్ణి. మావయ్య కాల్చేవాడు, నేను రాసుకునేవాణ్ణి. కాలవలో నానిన జనుము, ఎండలో కాగిన ఇత్తడి బిందె, కొత్త ఆవకాయ జాడీ మూత తీసినప్పటి ఘాటు. ఆయన నోట ఒక పోలిక రెండోసారి వచ్చేది కాదు. "నా మేనల్లుడు నాకోసం పనిగట్టుకుని సిగార్లు తెస్తాడు" అని వీధిలో అందరికీ చెప్పుకునేవాడట. అత్తయ్య చెబితే తెలిసింది. నేను కాదనలేదు.

ఏడాది తిరిగేసరికి హైదరాబాదులో ఒక సిగార్ల సభకి పిలిచారు. వేదిక మీద ఒకావిడ అడిగింది: "ఈ రుచి చూడటం మీకెవరు నేర్పారు? మీ ప్రాంతంలో చుట్టలు ఎక్కువ కదా?"

ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. "ఎవరూ నేర్పలేదండీ, సొంతంగా నేర్చుకున్నాను. మావైపు చుట్ట కాల్చేవాళ్ళకి రుచి ఏం తెలుస్తుంది, పొగొస్తే చాలు వాళ్ళకి" అన్నాను. జనం నవ్వారు. ఆ నవ్వు నాకు బాగుంది.

దాన్ని వీడియో తీసి నెట్‌లో పెట్టారు. అత్తయ్య ఫోన్లో అది మావయ్య చూశాడు.

ఆ సంగతి తెలియక, తర్వాతి ఆదివారం మామూలుగా వెళ్ళాను. మావయ్య సిగార్ తీసుకుని నిదానంగా కాల్చాడు. నేను నోట్‌బుక్ తెరిచాను.

"ఎలా ఉంది మావయ్యా?"

"ఏముందిరా, పొగే."

"అది కాదు, రుచి..."

"మాకేం తెలుస్తది? పొగొస్తే చాలు."

కోపంగా అనలేదు. నా మొహంలోకి కూడా చూడలేదు. లోపల అత్తయ్య గిన్నెల చప్పుడు ఆగిపోయింది. క్షమించమని ఆ క్షణంలోనే అడగాల్సింది. నోట్‌బుక్ మూసి, పనుందని చెప్పి బస్సెక్కాను. మరో రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ అదే జవాబు. ఆఫీసులో పని ఎక్కువైందని సాకు పెట్టుకుని వెళ్ళడం మానేశాను. రివ్యూల్లోకి మళ్ళీ కోకో, తోలు, మిరియాలు వచ్చాయి.

కిందటేడాది వానాకాలంలో అత్తయ్య ఫోన్ చేసింది. "మీ మావయ్యకి జ్వరమొచ్చి తగ్గింది గానీ వాసన పోయిందిరా. మళ్ళీ వస్తుందని డాక్టరు అంటున్నాడు. నెల దాటిపోయింది. నువ్వొకసారి రా."

వెళ్ళేసరికి మావయ్య అరుగు మీద ఉన్నాడు. కొట్టానికి తాళం వేసి ఉంది.

"అన్నం వాసన కూడా తెలీట్లేదురా. మట్టి తిన్నట్టుంది" అన్నాడు.

దారంతా కూడగట్టుకున్న మాటలు అప్పుడు చెప్పాను. ఆ రాతలన్నీ నీవే మావయ్యా, వేదిక మీద అబద్ధం ఆడాను, ఇకనుంచి నీ పేరు పెట్టి రాస్తాను అన్నాను.

ఆయన రోడ్డు మీద పోయే ట్రాక్టర్ వంక చూశాడు. "పేరెందుకురా నాకు? ఎవరన్నా అడిగినప్పుడు మా మావయ్య అంటే సరిపోయేది" అన్నాడు.

తర్వాత నా సంచి వంక చూశాడు.

"తెచ్చావా ఏమన్నా?"

మంచి సిగారే తెచ్చాను.

"నువ్వు కాల్చు. ఎట్టా ఉందో చెప్పు, వింటాను."

వెలిగించాను. నోటినిండా పొగ పట్టి, ఆయన లాగే కళ్ళు మూసుకున్నాను. "తోలు వాసన మావయ్యా. కొంచెం మిరియాల ఘాటు."

"ఏ తోలు? కొత్త చెప్పులా, తడిసిన చెప్పులా?"

నాకు తెలియలేదు. మళ్ళీ పీల్చాను. ఏదో ఉంది గానీ మాటకి అందలేదు. ఆయన ఓపిగ్గా ముందుకు వంగి నా మొహమే చూస్తున్నాడు. ఏదో ఒకటి చెప్పాలని "తడిసినవి" అన్నాను. అబద్ధమని ఆయనకి అర్థమైంది.

"సర్లే" అని వెనక్కి వాలాడు.

ఇప్పటికీ ఆయనకి వాసన పూర్తిగా రాలేదు. ఉల్లిపాయ, కిరసనాయిలు తెలుస్తున్నాయట, అంతే. వెబ్‌సైటుకి నేను రాయడం మానేశాను. కంకిపాడు వెళుతూనే ఉన్నాను. రమ్మనీ అనడు, వద్దనీ అనడు. కూర్చుని వర్షాల గురించి, కౌలు రైతు గురించి మాట్లాడతాడు. పొగాకు మాట మాత్రం మా ఇద్దరి మధ్యకి రానివ్వడు.