మైనపు బిళ్ళలో చౌడేశ్వరి

నల్లప్పకూ నాకూ పరిచయం గొడవతోనే మొదలైంది. కళ్యాణదుర్గం రోడ్డు పక్కన మా కంపెనీ షెడ్డులో ఇరవై రెండు గొర్రెలుంటాయి. ఒక్కోదాని చెవికి పసుపు ట్యాగు, దాని మీద నంబరు. వాటిని చూసుకునే మనిషి నల్లప్ప. చెవులు పుండై పురుగు పడుతోందని ఒకరోజు నాతో ఒక్క మాటైనా అనకుండా మూడు గొర్రెల ట్యాగులు కత్తిరించి పారేశాడు. ఏ నెత్తురు ఏ గొర్రెదో తెలియకపోతే మా ఏడాది పని మట్టిపాలే. నోటికొచ్చినట్టు తిట్టాను. నాకు కోపం ముందు, బుద్ధి తర్వాత. ఆయన తాపీగా అంతా విని, "మొగాలు సూస్తే తెలీదా షాహిదమ్మా? ఇది నాలుగు, ఇది పదకొండు, ఆ మూతి నల్లది పదిహేడు" అన్నాడు. నమ్మకుండా ల్యాబులో పరీక్ష చేశాను. మూడూ సరిపోయాయి. ఆ రోజు నుంచి ఆయన్ని అన్నా అని పిలుస్తున్నాను.

ఆయనది కంబదూరు దగ్గర పల్లె. ఒకప్పుడు సొంత మంద నూట ఇరవై గొర్రెలు. ఆరేళ్ళ కిందట భార్య చౌడేశ్వరి పోయాక మంద అమ్మేసి మా షెడ్డుకు వచ్చాడు. మా పని చెప్పడానికి పెద్ద కష్టమేం కాదు. మనిషి కణాల్లో ఉండే ఒక ప్రోటీను ముక్కను గొర్రెకు సూదితో ఎక్కిస్తాం. గొర్రె ఒళ్ళు దాన్ని పరాయిదని గుర్తుపట్టి, పట్టుకోవడానికి యాంటీబాడీలు తయారు చేస్తుంది. మెడ నరం నుంచి కొంచెం నెత్తురు తీసి, అందులోంచి వాటిని వేరుచేసి, చిన్న సీసాల్లో పరిశోధన చేసేవాళ్ళకు పంపుతాం. నెత్తురు తీసేటప్పుడు గొర్రెను మోకాళ్ళ మధ్య పట్టుకుని, దాని చెవిలో ఏదో గొణుగుతూ ఉంటాడు నల్లప్ప. ఆయన పట్టుకుంటే ఏ గొర్రె కూడా కదలదు.

పోయిన మార్చిలో ఒక పొద్దున పదిహేడో నంబరును పట్టుకుని అడిగాడు. "దీని నెత్తుట్లో ఏమి ఎతుకుతాండారమ్మా?"

"క్యాన్సర్ కణాలుంటాయి గదన్నా, కొన్నిట్లో పైపొర మీద మోటారు మాదిరి ప్రోటీను ఒకటి ఉంటాది. బోరు మోటారు నీళ్ళు తోసినట్ల, లోపలికి పోయిన మందును అది బయటికి తోసేస్తాది. మందు ఎంత పోసినా కణం సావదు. ఆ మోటారు యాడుండాదో పట్టిచ్చేది దీని నెత్తుట్లో ఉండాది."

ఆయన చేతులు జారిపోయాయి. గొర్రె తన్నుకుంది, సూది ఊడింది, నేను కసిరాను. ఆయనకు నా కసురు వినపడలేదు.

"మా ఆమెకు డాక్టరు ఈ మాటే సెప్పినాడు" అన్నాడు. "మందును కణాలు బయటికి తోసేస్తాండాయి అన్నాడు. నేను వచ్చింది ఆలస్యమాయె గదా, నా మనసు నొయ్యకుండా సెప్తాండాడు అనుకున్నా."

చౌడేశ్వరికి రొమ్ములో గడ్డ. ఆపరేషన్ చేసి తీశారు. తర్వాత మూడు వారాలకొకసారి ఆసుపత్రిలో సెలైన్‌తో మందు ఎక్కించాలి. మూడుసార్లు సక్రమంగా జరిగింది. నాలుగోసారి ఎక్కించే రోజు వచ్చేసరికి నల్లప్ప గుమ్మఘట్ట దిక్కు ఒక రైతు చేనులో ఎరువు కోసం మంద నిలిపి ఉన్నాడు. పదిహేను రాత్రులకు మాట ఇచ్చాడు. మాట ఇచ్చిన రాత్రులు నిండకుండా మంద లేపితే ఆ ఊళ్ళో ఇక ఎవరూ పిలవరు. ఫోను చేస్తే చౌడేశ్వరి, "నువ్వొచ్చినాకే పోదాంలే" అందట. అలా రెండు వారాలు ఆలస్యమైంది. ఐదు నెలల్లో గడ్డ మళ్ళీ వచ్చింది.

"ఆ పొద్దే వచ్చింటే బతికేది షాహిదమ్మా" అన్నాడు.

ఆరేళ్ళుగా ఆ మనిషి మోస్తున్నది ఇదని నాకప్పుడు తెలిసింది. ఉండబట్టలేక అన్నాను: ఆపరేషన్‌లో తీసిన కండను ఆసుపత్రుల్లో మైనంలో పెట్టి ఏళ్ళ తరబడి దాస్తారు, అందులో మోటార్లు ఉన్నాయో లేదో చూడొచ్చు అని. మందు మొదలుపెట్టక ముందు తీసిన కండ అది. అందులోనే మోటార్లు నిండి ఉంటే, తప్పు ఆ రెండు వారాలది కాకపోవచ్చు.

"ఆమెది ఇంగా ఉండాదా?" అన్నాడు నల్లప్ప. ఆయన పరీక్ష గురించి అడగలేదు.

ఆసుపత్రికి మూడుసార్లు తిరిగి, అర్జీ పెట్టి, సంతకం చేసి తెచ్చాడు. ఏప్రిల్ ఎండకు మైనం కరుగుతుందేమోనని తడిగుడ్డ చుట్టి, బస్సులో దారిపొడుగునా గుడ్డ మీద నీళ్ళు చిలకరిస్తూ తెచ్చాడు. విప్పి చూస్తే అగ్గిపెట్టెలో సగమైనా లేని తెల్లటి బిళ్ళ, నడుమ గోరంత కండ. "ఇది పరిశోధన కోసం చేసే పరీక్షన్నా, ఆసుపత్రి రిపోర్టు కాదు" అని రెండుసార్లు చెప్పాను. తల ఊపాడు.

ఉల్లిపొర కన్నా పలుచగా కోసి గాజుపలకల మీద పరిచాను. పదిహేడో నంబరు నుంచి తీసిన యాంటీబాడీ వేసి, రంగు వేశాను. ప్రోటీను ఉన్నచోట గోధుమరంగు తేలాలి. పోలిక కోసం యాంటీబాడీ వెయ్యకుండా ఉంచిన పలక శుభ్రంగా ఉంది. ఆ ప్రోటీను మామూలుగానే ఉండే మూత్రపిండం ముక్కకు కూడా వేస్తే, ఎక్కడ రంగు రావాలో అక్కడే పట్టింది. చౌడేశ్వరి పలకలో కణం కణానికీ అంచు చుట్టూ చిక్కటి గోధుమరంగు.

మెట్లు దిగి షెడ్డుకు పరుగెత్తాను. ఆయన భుజాల మీద నుంచి పెద్ద బరువు దించుతున్నానని సంబరం నాకు.

"అన్నా, మోటార్లు మొదట్నుంచే ఉండాయి. నూటికి నూరు ఇదే కారణమని సెప్పలేను గానీ, నువ్వు ఆ పొద్దే వచ్చినా మందు నిలిచేది కాదేమో. నీ తప్పు కాదన్నా."

నల్లప్ప మేత గంప కింద పెట్టి కూర్చున్నాడు.

"ఇన్నాళ్ళూ నేను వచ్చింటే ఆమె బతికుండేది అనుకుంటాంటి" అన్నాడు. "పండుకున్నప్పుడల్లా మంద లేపుకోని వచ్చేస్తాంటి. ఆమెను బస్సెక్కిస్తాంటి. ఆ దోవలో ఆమె బతికే ఉండె షాహిదమ్మా. ఇప్పుడు ఆ దోవ గూడా లేకపాయె."

నాకు సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది. నా తెలివిని నేనే తిట్టుకున్నాను.

కాసేపటికి లేచి చేతులు రెండుసార్లు కడుక్కుని, "ఒగసారి సూడొచ్చునా" అన్నాడు. పైకి తీసుకెళ్ళి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాను. ఒక కన్ను మూశాడు. రెండూ తెరవమన్నాను.

"ఇందులో ఆమె యాడుండాదమ్మా?"

"అంతా ఆమేనన్నా."

గొర్రెల మొహాలు పోల్చినంత శ్రద్ధగా ఒక్కో కణాన్నీ చూశాడు. "ఈ రంగు పోతాదా?" అని అడిగాడు. పోదు, ఏళ్ళ తరబడి ఉంటుందని చెప్పాను.

నేను కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాను. గొర్రెల చెవిలో గొణిగే గొంతుతోనే ఆయన మాట్లాడుతున్నాడు.

"మంద లేపినా చౌడీ. వచ్చినా. పోదాం పా."