మా నాన్న కొట్టి చూసిన గొట్టం

మా నాన్న తోమాసు గుడివాడలో ఓ రైస్‌మిల్లు బాయిలర్ నడుపుతాడు. కొత్త గొట్టం బిగించే ముందు సుత్తితో కొట్టి, చెవి ఆనించి వింటాడు. ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే వెనక్కి పంపేయమంటాడు. ముప్ఫై ఏళ్లుగా చుట్టుపక్కల మిల్లులవాళ్లు కాగితాలు చూడటం మానేసి ఆయన్నే పిలుచుకెళ్తున్నారు. ఇంట్లో ఆ గొప్పలు వినలేక చచ్చేవాళ్లం.

నేను బందరులో ఒక లేబరేటరీలో లోహాలు పరీక్షిస్తాను. కంటికి ఆనని సూదిమొనతో లోహాన్ని పొడిచి, ఎంత లోతు దిగిందో కొలవడం నా పని. ఎంత ఎక్కువ దిగితే అంత మెత్తన. మొన్న నాన్న కొత్త గొట్టాల్లోంచి వేలెడు ముక్క కోసి తెచ్చాడు.

"నేను కొట్టి చూశాన్లేవే జెస్సీ, భేషుగ్గా ఉంది. నీ మిషనుకి నాకు తెలిసినంత తెలుసేమో చూద్దాం," అని నవ్వాడు.

మర్నాడు పొద్దున ముక్క చల్లగా ఉండగా పొడిచి చూశాను. నాన్న చెప్పిందే నిజం. ఒళ్లు మండింది. గొట్టం పనిచేసేది మంటలో కదా అని, దాన్ని నాలుగు వందల యాభై డిగ్రీలకి వేడిచేసి మళ్లీ పొడిచాను. మంచి గొట్టంలో దిగేదానికి మూడింతలు దిగింది. మిషను తప్పేమోనని మరోచోట పొడిచాను. అదే లోతు. ప్రభువా! చల్లగా ఉన్నంతసేపే అది ఇనుము.

ఫోన్ చేసేసరికి మధ్యాహ్నమైంది.

"ఇప్పుడే ప్రార్థన అయిందే. మంట వేయబోతున్నాం," అన్నాడు నాన్న.

"వేయొద్దు నాన్నా! వేడికి మెత్తబడిపోతోంది. ఆవిరికి పగిలిపోతుంది, బయటికొచ్చెయ్!"

"నేను కొట్టి చూశాను గదే..."

"చల్లగా ఉన్నదాన్ని కొట్టావు!" అని అరిచాను. పక్కగదిలో వాళ్లు పరుగెత్తుకొచ్చారు.

ఆపమని ఆయన ఎవరికో చెప్పడం వినిపించింది. నాకు ఏడుపొచ్చింది. బతికాడు, అంతే చాలనుకున్నాను.

"జెస్సీ," అన్నాడు. ఆ గొంతు నాన్నదేనా అనిపించింది. "ఈ లోడులోవే నాలుగు గొట్టాలు బంటుమిల్లి మిల్లుకెళ్లాయే. నేనే వెళ్లి కొట్టి చూసొచ్చాను."

అక్కడి బాయిలర్ దగ్గర ఆదినారాయణ మావయ్య ఉంటాడు. నాన్న మిల్లు ఫోన్‌లో స్పీకర్ పెట్టి అతనికి చేశాడు, నా కాల్ పెట్టెయ్యడం మరిచిపోయాడు. మావయ్య మాటలు నాకూ వినిపించాయి.

"ఏం బావా! నువ్వు సరేనన్నావుగా, వారం నుంచీ నడుపుతున్నాం. ఇదిగో, దాని పక్కనే కూర్చుని అన్నం తింటున్నాను."

"లెగు! పరిగెత్తు ఆదినారాయణా!" అన్నాడు నాన్న. "నా మాట నమ్మొద్దు. పరిగెత్తు!"

క్యారేజీ కిందపడిన చప్పుడు వినిపించింది. సాయంత్రం అక్కడి మంట ఆరాక చూస్తే, ఆ నాలుగింట్లో ఒక గొట్టం అప్పటికే ఉబ్బి, పగలడానికి సిద్ధంగా ఉంది.