పెద్దమ్మ పాట దింపిన రోజు

మొన్న మనవరాలి పుట్టినరోజు ఫొటోలు కాగితం మీద వేయించుకుందామని అమలాపురంలో ఫొటోల దుకాణానికి వెళ్ళాను. అక్కడ కూర్చున్న అమ్మాయి నేనిచ్చిన పెన్‌డ్రైవు కంప్యూటరుకి గుచ్చి, కావలసినవేవో తీసుకుని, ఫోన్లో ఎవరితోనో కబుర్లు చెబుతూనే దాన్ని పాదు మీంచి చిక్కుడుకాయ తుంపినట్టు లాగి నా చేతిలో పెట్టేసింది. "దింపేవా అమ్మా?" అన్న మాట నా ప్రమేయం లేకుండానే నోట్లోంచి వచ్చేసింది. ఆ పిల్ల పాపం మర్యాదగానే, "దేన్నండీ దింపడం?" అంది. ఏమీ లేదులే అని నవ్వేసి ఆటో ఎక్కాను. ఆ పిల్లకి చెప్పలేకపోయింది మీకు చెబుతాను, నా ఈడువాళ్ళు మీరైతే ఓపిగ్గా వింటారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా అక్కయ్యగారి ఇంటి ముందు గదిలో బావగారు కంప్యూటర్ సెంటర్ పెట్టారు. ముమ్మిడివరం వెళ్ళే రోడ్డు మీద ఇల్లు. ముందు గదిలో కంప్యూటర్లు, వెనకాల పెరటినిండా కొబ్బరి చెట్లు. పిల్లలు బడికి పోయాక ఇంట్లో ఏం చేస్తావు, వచ్చి నేర్చుకో అని ఆయనే పిలిచి నేర్పించి, ఆ తర్వాత కాలేజీ పిల్లలకి పాఠాలు చెప్పే పని నాకే అప్పగించారు. ఊళ్ళో కంప్యూటర్లన్నిటికీ వైరస్సులనే జ్వరం పట్టుకున్న రోజులవి. ఆ బాధ పడలేక బావగారు విశాఖపట్నంలో స్నేహితుడెవరి దగ్గరో, వైరస్సులు అంత తేలిగ్గా అంటని లినక్స్ అనేదాన్ని కంప్యూటర్లలో వేయించుకొచ్చారు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, బొమ్మలూ గిమ్మలూ ఏమీ లేవు. ఏం కావాలన్నా రాసి అడగాల్సిందే. మా ఆయన ఒకసారి వచ్చి చూసి, ఇంట్లో నాకు పెట్టే ఆజ్ఞలు చాలక దీనికి కూడా పెడుతున్నావా అని వేళాకోళం చేశారు.

ఇప్పటివాళ్ళు నమ్మరు గాని, ఆ యంత్రానికి ఫ్లాపీ గాని, సీడీ గాని, తర్వాత వచ్చిన పెన్‌డ్రైవు గాని పెట్టినంత మాత్రాన సరిపోయేది కాదు. ఇదిగో పెట్టాను, దీన్ని ఫలానా చోట తగిలించుకో అని మనమే చెప్పాలి. మౌంట్ అని కొట్టి, కాస్త ఖాళీ వదిలి, స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీఏ వన్ అని, మళ్ళీ ఖాళీ వదిలి, స్లాష్ ఎంఎన్‌టీ స్లాష్ పెన్ అని, సంధ్యావందనంలా పొల్లు పోకుండా అప్పచెప్పాలి. తీసేటప్పుడు యూమౌంట్ అనాలి. నేను మొదట్లో అన్‌మౌంట్ అని 'ఎన్' కూడా చేర్చి కొట్టేదాన్ని. అలాంటి ఆజ్ఞే లేదు పొమ్మనేది. ఇది రాసిన దొర ఎవరోగాని ఒక్క అక్షరం దగ్గర కక్కుర్తి పడ్డాడమ్మా అని బావగారు నవ్వేవారు. ఒక్కోసారి అన్నీ సరిగ్గా కొట్టినా, అది పనిలో ఉంది, ఇప్పుడు కుదరదు అని తిరగబడేది. తీరా చూస్తే నేను ఆ పెన్‌డ్రైవు లోపలి ఫోల్డర్లోనే ఉండి దాన్ని తీసెయ్యమంటున్నానన్నమాట. "గోదావరి దాటించే పంటు మీద నిలబడి పంటు ఖాళీ చెయ్యమంటే ఎలా అమ్మాయ్? ముందు నువ్వు ఒడ్డుకి రా" అనేవారు బావగారు.

ఇంగ్లీషు మాటలకి బెదిరిపోయే పిల్లల కోసం ఆయన మౌంట్‌ని 'ఎక్కించడం' చేశారు, యూమౌంట్‌ని 'దింపు' చేశారు. కొబ్బరికాయలు చెట్ల మీంచి దింపించడాన్ని మావైపు దింపు అంటారు కదా, ఆ మాట పుట్టిన పిల్లకి కూడా తెలుసు. దింపు కాకుండా పెన్‌డ్రైవు లాగితే కొంప మునుగుతుందని ఆయన రోజూ చెప్పేవారు. కంప్యూటరు రాసేశానని మనకి చెబుతుంది గాని నిజానికి వెంటనే రాయదట, కొంత మనసులోనే పెట్టుకుని తీరిక చూసుకుని రాస్తుందట, దింపమన్నప్పుడే మిగిలిందంతా గబగబా రాసేసి చేతులు దులుపుకుంటుందట. అందుకని మా సెంటర్లో ఎవరు కుర్చీలోంచి లేచినా, దింపయ్యిందా అని ఒకరు అడగడం, అయ్యిందండీ అని ఇంకొకరు అనడం మామూలైపోయింది.

ఇక మా పెద్దమ్మ సంగతి. అమ్మకి అక్కగారు. మా బంధువుల్లో ఏ ఇంట్లో పెళ్ళి జరిగినా అప్పగింతల పాట ఆవిడే పాడాలి. ఆ పాట వాళ్ళ అమ్మమ్మ దగ్గర నేర్చుకుందట, ఇంకెక్కడా ఎవరూ పాడగా నేను వినలేదు. పెద్దమ్మ గొంతెత్తితే, అప్పటిదాకా పప్పులో ఉప్పు తక్కువైందని సణుగుతున్న మగపెళ్ళివారు కూడా తువ్వాళ్ళు తీసి కళ్ళొత్తుకునేవారు. నా పెళ్ళిలో నేను ఏడ్చింది పుట్టిల్లు వదిలి వెళ్ళాల్సినందుకు కాదు, ఆ పాటకే. అంతటి మనిషీ టేప్ రికార్డరు చూస్తే మాత్రం కొత్తకోడలిలా సిగ్గుపడి వంటింట్లోకి పారిపోయేది. మేం కూడా, ఆవిడ ఎక్కడికి పోతుంది, పాట ఎక్కడికి పోతుందిలే అని ఊరుకున్నాం.

అలాంటిది ఆవిడ మెడలో థైరాయిడ్ గడ్డ పెరిగి, ఆపరేషన్ తప్పదన్నారు. గొంతుకి వెళ్ళే నరం దాని పక్కనే ఉంది, మాట ఎలా ఉంటుందో ముందే చెప్పలేమని కాకినాడ డాక్టరుగారు అన్నారు. పాట రికార్డు చేయించుకోడానికి బావగారే వెళ్ళి బతిమాలి ఆవిణ్ణి ఒప్పించారు. కాకినాడ బయల్దేరే ముందురోజు పెద్దమ్మ మా సెంటర్‌కి వచ్చింది. ఫ్యాన్లు ఆపేసి, తలుపులు వేసేసి, ఆవిడ ముందు మైకు పెట్టాం. ఆ మధ్యాహ్నం ఆవిడ పాడినట్టు అంతకు ముందు ఏ పెళ్ళిలోనూ పాడలేదు. అక్కయ్య గుమ్మానికి ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది.

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మా పెదనాన్నగారూ కాకినాడ వెళ్ళిపోయారు. బావగారు మధ్యాహ్నం బస్సుకి బయల్దేరి, పాటని పెన్‌డ్రైవులో తీసుకెళ్ళి అక్కడ సీడీ చేయించాలని అనుకున్నాం, మా సెంటర్లో ఆ సదుపాయం లేదు కనక. పెన్‌డ్రైవు ఎక్కించి పాటని దాంట్లోకి మార్చాను. కంప్యూటర్లో చోటు బొత్తిగా తక్కువ, ఒక కాపీ ఇక్కడా ఒక కాపీ అక్కడా ఉంచుకునే భాగ్యం మాకు లేదు. పెన్‌డ్రైవులోకి వెళ్ళింది ఇక్కడ చెరిగిపోవాల్సిందే, అది సెంటర్లో అందరూ పాటించే పద్ధతి. ఇక దింపడం ఒక్కటే మిగిలింది, అంతలో కాకినాడ నుంచి పెదనాన్నగారి ఫోను వచ్చిందని హాల్లోకి వెళ్ళాను. అప్పుడే బావగారు సంచీ భుజాన వేసుకుని వచ్చి, బస్సు పోతుందన్న హడావుడిలో లోపలికి చూసి ఒక్క కేక వేశారు.

"దింపయ్యిందా?"

"ఆయ్, అయిపోయిందండీ!" అని పెరట్లోంచి అక్కయ్య జవాబిచ్చింది.

ఆవేళ మా పెరట్లో కొబ్బరికాయల దింపు.

బావగారు పెన్‌డ్రైవు లాగి జేబులో వేసుకుని వెళ్ళిపోయారు. సాయంత్రం సీడీల దుకాణం నుంచి ఫోను చేసి, ఫైలు తెరుచుకోవడం లేదమ్మాయ్, మన కంప్యూటర్లో ఏమైనా మిగిలిందేమో చూడు అన్నారు. చూశాను. ఏమీ లేదు. ఇంకోసారి పాడించుకుందామంటే, అప్పటికే ఆసుపత్రిలో చూడ్డానికి వచ్చేవాళ్ళని లోపలికి వెళ్ళనివ్వడం ఆపేశారు, తెల్లారగానే ఆపరేషన్. అక్కయ్య నేల మీద కూలబడిపోయి, "నేను కాయలనుకున్నానే, కాయలనుకున్నానే" అంటూ ఒకటే ఏడుపు. బావగారు ఆ తర్వాత కూడా ఎన్నడూ ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదని అక్కయ్య అనేది.

పెద్దమ్మకి ప్రాణం దక్కింది, గొంతు దక్కలేదు. మాట గుసగుసలా, జీరగా మిగిలింది. కొన్నాళ్ళు ఆగి జరిగింది చెప్పాం. అక్కయ్య కాళ్ళ మీద పడబోతే పట్టుకుని లేవనెత్తి, ఆ గుసగుసతోనే, "పోన్లేవే, కాయలైనా దిగేయి కదా" అంది. నవ్వింది కూడా. ఆ నవ్వుకి చప్పుడు లేదు. ఆ తర్వాత ఆవిడ ఏ పెళ్ళికి వచ్చినా అప్పగింతల వేళకి లేచి వెళ్ళి వంటవాళ్ళ దగ్గర కూర్చునేది.

బావగారు మాత్రం వదల్లేదు. ఆ పెన్‌డ్రైవుని పక్కన పెట్టుకుని, ఎక్కడెక్కడి పుస్తకాలో చదివి, ఎవరెవరినో అడిగి, రకరకాల ఆజ్ఞలతో తవ్వగా తవ్వగా చివరికి ఒక చిన్న ముక్క దొరికింది. మొదట్లో రాయగలిగినంత రాసిందన్నమాట. అందరం చుట్టూ చేరి విన్నాం. మొదట కుర్చీ జరిపిన చప్పుడు. ఆ తర్వాత పెద్దమ్మ, నిండైన పాత గొంతుతో: "మొదలెట్టమంటారా అల్లుడుగారూ? ముందు ఆ కాకిని తోలండర్రా, నాకంటే అదే బాగా పాడుతోంది." నవ్వులు. మంచినీళ్ళు తాగిన చప్పుడు. తర్వాత గుండెల నిండా ఊపిరి తీసుకుంటుంది. అంతే, అక్కడికి ఆఖరు.

ఇప్పుడు దేన్నీ ఎక్కించక్కర్లేదు, దింపక్కర్లేదు. ఆ ముక్క మా అందరి ఫోన్లలోనూ ఉంది. ఏటా పెద్దమ్మ తద్దినం నాడు భోజనాలయ్యాక ఎవరో ఒకరు పెడతారు. ఆవిడ ఊపిరి తీసుకున్న చోట అది ఆగిపోతుంది, మేం మాత్రం కళ్ళు మూసుకునే ఉంటాం. ఎందుకంటే మాకు అక్కడ ఆగదు. ఆ పై స్వరం అందుకోవడం, రెండో చరణం దగ్గర గొంతు కాస్త వణకడం, చివర్లో పెళ్ళికూతురి గడ్డం పుచ్చుకుని నెమ్మదిగా తగ్గించడం, అన్నీ వినిపిస్తాయి. మా మనవలు మా ముఖాలు చూసి, "అయిపోయిందా అమ్మమ్మా? పాటేదీ?" అంటారు. పాడి వినిపిద్దామంటే మాలో ఎవరికీ ఆ పాట రాదు, విన్నవాళ్ళమే గాని నేర్చుకున్నవాళ్ళం కాదు. పెదనాన్నగారు వెళ్ళిపోయారు, బావగారు వెళ్ళిపోయారు. కిందటేడు కళ్ళు మూసుకుని విన్నది అక్కయ్యా నేనూ, ఇద్దరమే. మేం కూడా పోయాక ఆ ఫోన్లలో మిగిలేది ఒక పెద్దావిడ కాకిని తోలమనడం, ఆ తర్వాత ఒక ఊపిరి.