కేకు ట్రేలో మా వీధి

మా మరిదికి నేల చదునుగా కనిపిస్తే చాలు, గ్లాసుడు నీళ్లు పోయకుండా ఉండలేడు. మా గడప ముందు పోశాడు. టైలరు గుమ్మంలో పోశాడు. తన పెళ్లిరోజున హాల్లో కూడా పోసి, నీళ్లు పెళ్లికూతురి వైపు పారుతుంటే "వాలు బ్రహ్మాండం!" అన్నాడు. కళ్లారా చూశాను. చూడకపోయినా చెప్పేదాన్నే.

ఉద్యోగం నగర ప్రణాళిక ఆఫీసులో. అక్కడ అందరికీ కంప్యూటర్లు, రంగురంగుల బొమ్మలు. మనవాడికి మాత్రం నా కేకు ట్రే! అందులో బంకమట్టి పరుస్తాడు, అగ్గిపెట్టెల్ని ఇళ్లంటాడు, స్పాంజి ముక్కను పార్కంటాడు. పైనుంచి నీళ్లు పోస్తే వానట.

"ఏమయ్యా, నా ట్రే ఎప్పుడిస్తావ్?"

"వాన తగ్గాక, వదినా."

మూడేళ్లయింది. తగ్గలేదు.

ఇంతలో మా వీధికి ఎగువనున్న ఖాళీ స్థలంలో పెద్ద బజారు కడతామని ఆఫీసువాళ్లు సభ పెట్టారు. వీధంతా కదిలి వెళ్లాం. వెళ్లక? అది ఖాళీగా ఉండగానే వానొస్తే మా ఇళ్లలో మోకాలి లోతు. అంతా సిమెంటు చేస్తే ఇక మేం అటకలెక్కాల్సిందే. పెద్ద ఇంజనీరు తెర మీద బొమ్మ చూపించి, "చుక్క నీరు నిలవదు" అన్నాడు.

మా మరిది లేచాడు. చంకలో ట్రే. సిగ్గుతో చచ్చాననుకోండి.

"ఆ బురదేంటయ్యా?" అన్నాడు ఇంజనీరు.

"మీ బజారే సార్. మీ బొమ్మ బజారు హద్దులో, ఈ గీత దగ్గర ఆగింది. నీళ్లు ఆగవు."

గ్లాసు వంచాడు. నీళ్లు గీత దాటి పన్నెండు అగ్గిపెట్టెల మీద పడ్డాయి. ఒక్కోదాన్నీ వేలితో చూపించాడు. "ఇది టైలరుది, మిషను మోటారు నేల మీదే ఉంటుంది. ఈ ఇంట్లో పెద్దామె మంచం దిగలేదు. ఇది మా వదినది, గడప అంగుళం కుంగింది."

అదన్నమాట! ఇన్నాళ్లూ మా గుమ్మాల్లో నీళ్లు పోసింది అందుకు. మేమేమో నోటికొచ్చినట్టు తిట్టాం.

తర్వాత స్పాంజిని బజారుకీ మాకూ మధ్య గుంట తీసి పెట్టి, మళ్లీ పోశాడు. అంతా స్పాంజే తాగేసింది. మా వైపు చుక్క రాలేదు.

ఇంజనీరు కళ్లజోడు తీసి, తుడుచుకుని, "ఇంకోసారి పోయ్" అన్నాడు. ఏడుసార్లు పోయించాడు!

ఇప్పుడు బజారుకీ మాకూ మధ్య పల్లపు పార్కుంది. మొన్న కుండపోత వానకి అది నిండు చెరువైంది. ఆ పెద్దామె మంచం కింద మాత్రం పిల్లి హాయిగా పడుకుంది.

ట్రేని ఆఫీసులో అద్దాల పెట్టెలో పెట్టారు. వారానికో చుట్టాన్ని వెంటబెట్టుకెళ్లి చూపిస్తున్నాను.

"తెలివంతా మా మరిదిదే, కాదన్ను. ఆ మూల మాడిన మరక చూశారా? అది మాత్రం నాది!"