పాప పొట్ట మీద సైకిల్ పందెం

పార్మేనియోను తలుచుకుంటే నాకు ముందు కోపం వస్తుంది, ఆ తర్వాతే నవ్వు. మా బొగొటా చలిలో తెల్లారకముందే మూడు చక్రాల బండి తొక్కుతూ ఇంటింటికీ రొట్టెలు వేసే మనిషి. సైకిల్ పందేలంటే పిచ్చి. రేడియోలో పందెం వస్తుంటే ఇల్లు అంటుకున్నా లేవడు. అలాంటివాడికి నెలలు నిండకుండానే కూతురు పుట్టి, నేను నర్సుగా ఉన్న వార్డుకు వచ్చింది. అరచేతిలో పట్టేంత పిల్ల.

మా దగ్గర ఇంక్యుబేటర్లు తక్కువ, పిల్లలు ఎక్కువ. ఒక్కో పెట్టెలో ఇద్దరేసి పడుకునేవాళ్లు, ఒకరి జబ్బు ఇంకొకరికి అంటుకునేది. అందుకే కాస్త కుదుటపడిన బిడ్డను తల్లి ఒంటికి ఆనించి కట్టేసేవాళ్లం. ఈ పాప తల్లి రోసల్బా జ్వరంతో మంచం మీద ఉంది. ఇక మోయాల్సింది తండ్రే. సాయంత్రంలోగా పాప ఒళ్లు ముప్పయ్యారున్నర డిగ్రీలకు వెచ్చబడకపోతే మళ్లీ పెట్టెలోకే అని డాక్టరమ్మ తేల్చేసింది. ఖాళీ ఉన్న ఒక్క పెట్టెలోనూ పక్క బిడ్డకు విరేచనాలు.

"చొక్కా, బనీను తీసెయ్. మధ్యలో గుడ్డపీలిక కూడా ఉండకూడదు, తెలిసిందా?" అన్నాను.

"తెలిసింది సిస్టరమ్మా."

ఆడవాళ్ల ముందు చొక్కా విప్పనని మొండికేసి, తెర వెనకే పాపను కట్టుకుని, పైన రువానా, అదే మా ఉన్ని శాలువా, కప్పుకుని వచ్చాడు. పాప చంకలో థర్మామీటరు పెట్టి చూస్తే ముప్పయ్యారు. కాసేపాగి చూస్తే ముప్పయ్యయిదున్నర. టోపీ పెట్టాం, ఇంకో కంబళి కప్పాం. ఊహూఁ.

అతని అత్తగారు దోన్యా ఎవుదోసియా ఊరుకుంటుందా! "మా పిల్లను అడగడానికొచ్చిన రోజే అనుకున్నా, నువ్వు మంచుగడ్డవని. కోడిపెట్ట నయం, గుడ్డునైనా పొదుగుతుంది!"

పార్మేనియో మొహం పాలిపోయింది. "నిజంగా నా ఒంట్లో వేడి లేదా సిస్టరమ్మా?"

చేసేదిలేక పాపను పెట్టెలోకి మారుద్దామని బయటికి తీశాను. లోపల ఏదో గరగరమంది. పాప పొట్ట నిండా నల్లటి గీతలు!

"దేవుడా! దెయ్యం రాత!" అని దోన్యా ఎవుదోసియా శిలువ గుర్తు వేసుకుంది.

పరకాయించి చూస్తే అక్షరాలు, తిరగబడి ఉన్నాయి. బొడ్డు పక్కనే సైకిల్ తొక్కుతున్న కుర్రాడి బొమ్మ. రువానా ఎత్తాను. ఛాతీ మీద నీటుగా మడిచిన పేపరు.

"ఏమయ్యా, ఏమిటిది?"

"నిన్నటి ఆటల పేజీ సిస్టరమ్మా."

"నా తలకాయ! ఏమీ ఉండకూడదని చెప్పానా లేదా?"

"గుడ్డ ఉండకూడదన్నారు. ఇది గుడ్డ కాదు కదా!"

తిడదామని నోరు తెరిచాను. మా ఊళ్లో తెల్లారగట్ల సైకిలెక్కే ప్రతివాడూ గాలి కొట్టకుండా చొక్కా కింద పేపరు దోపుకుంటాడు. అతనికది ఒంటి మీద చర్మంతో సమానం. అంతలో అతనే గొణిగాడు. "చలిలో తిరిగే ఒళ్లు కదా. నా ఛాతీ ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. ఆ చలి పాపకు తగలకూడదని పెట్టాను."

నాకు ఏడుపొచ్చేసింది. పేపరు లాగి అవతల పారేసి, డాక్టరమ్మను బతిమాలి ఇంకొక్క గంట అడిగాను. ఈసారి నా చేతులతో పాపను అతని ఛాతీకి ఆనించి కట్టాను. అతను ఊపిరి కూడా గట్టిగా తీయలేదు.

గంట కావస్తుండగా వరండాలో రేడియోలో పందెం ఆఖరి కొండ మీదికి చేరింది. తండ్రులందరూ అటే పరుగెత్తారు. పార్మేనియో కదల్లేదు, నా చేతిలో థర్మామీటరునే చూస్తున్నాడు. బయట "గెలిచాడు! మనవాడే గెలిచాడు!" అని కేకలు మొదలయ్యాయి.

"ముప్పయ్యారున్నర," అన్నాను.

"ముప్పయ్యారున్నర!" అని వార్డు దద్దరిల్లేలా అరిచాడు పార్మేనియో. పాప ఉలిక్కిపడి ఏడ్చింది. దోన్యా ఎవుదోసియా జున్నురొట్టె తుంచి అల్లుడి నోట్లో కుక్కి, "అరవకు, పిల్ల బెదురుతుంది," అంది.

పందెం గెలిచిందెవరో అతను ఆ రోజు అడగనేలేదు.