అమ్మ భుజంలో ముడి

నా చిన్నప్పుడు కొన్నాళ్ళపాటు మా నాయనమ్మా, అమ్మా ఒకరితో ఒకరు నా ద్వారానే మాట్లాడుకున్నారు. ఇద్దరూ ఒకే వంటింట్లో ఉండి కూడా "కూరలో ఉప్పు సరిపోయిందేమో మీ నాయనమ్మని అడుగు" అనేది అమ్మ. "సరిపోయిందని చెప్పు" అనేది నాయనమ్మ. నాకది ఆటలా ఉండేది.

అమ్మ నందిగామలో ఒక చిన్న బడిలో టీచరుగా చేరడమే కారణం. పొలమూ పాడీ ఉన్న ఇంటి కోడలు బస్సెక్కి ఉద్యోగానికి పోవడమేమిటని నాయనమ్మ పట్టుదల. ఎవరికీ సర్దిచెప్పలేని నాన్న మిరపచేలోనే పొద్దుపుచ్చేవాడు. అమ్మ రోజూ పిల్లల నోట్సు పుస్తకాల సంచి కుడిభుజానికి తగిలించుకుని, కిక్కిరిసిన బస్సులో నిలబడి వెళ్ళి, నిలబడే తిరిగొచ్చేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం, వాన వచ్చేలా ఉండి రాక, ఇల్లంతా బూడిదరంగు వెలుతురు పరుచుకుంది. నాకు తల దువ్వుతున్న అమ్మ చెయ్యి ఉన్నట్టుండి గాలిలో ఆగిపోయింది. దువ్వెన కింద పడింది.

"ఇంక నా వల్ల కాదు. రేపెళ్ళి మానేస్తానని చెప్పేస్తా" అంది, గోడవంక చూస్తూ.

గడప దగ్గర కూర్చున్న నాయనమ్మ కోరుకున్న మాటే అది. సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ మాత్రం లేచి వెళ్ళి నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి తెచ్చింది. అమ్మ వెనకాల పీట వేసుకుని కూర్చుంది.

"జాకెట్టు కాస్త జార్చుకో అమ్మాయ్."

అన్నాళ్ళకి అమ్మతో సూటిగా అన్న మొదటి మాట అది.

ముందు అరచేత్తో వీపంతా నిదానంగా రాసింది. నూనె వాసన, దూరంగా హైవే మీద లారీల రొద. అమ్మ ఒళ్ళో తలపెట్టుకున్న నాకు కళ్ళు మూతలుపడుతున్నాయి. అంతలో నాయనమ్మ నా చెయ్యి అందుకుని అమ్మ రెక్క ఎముక పక్కన పెట్టింది. చర్మం కింద నానిన శనగగింజలాంటిదేదో తగిలింది.

"కండ ముడేసుకుపోయింది, చూశావా."

నేను గబుక్కున నొక్కాను. అమ్మ "అబ్బా!" అని బిగుసుకుపోయింది.

"అట్టా పొడవమాకే. పొడిస్తే ఇంకా బిగుసుకుద్ది. మెల్లిగా నొక్కి, ఆగాలి. అదే వదులుద్ది."

నాయనమ్మ బొటనవేలు ఆనించి, ఒంటి బరువు కొద్దికొద్దిగా దానిమీదికి దించింది. తర్వాత కదల్లేదు. "ఊపిరి బిగబట్టమాక అమ్మాయ్, వదిలెయ్" అంది. వేలు అలిసిపోతే మోచెయ్యి ఆనించింది.

"నెప్పి మరీ ఎక్కువైతే చెప్పు."

"పర్లేదండీ అత్తయ్యా. అక్కడే."

ఎప్పుడు మొదలైందో, బయట వాన పడుతోంది. నా చెంప మీద వెచ్చటి చుక్క పడితే కళ్ళు తెరిచాను. అమ్మ చప్పుడు లేకుండా ఏడుస్తోంది.

"ఎన్నాళ్ళబట్టి ఈ నెప్పి?"

"చేరినకాణ్ణించీ."

"చెప్పొచ్చుగా?"

"ఎట్టా చెప్పనండీ?"

 నాయనమ్మ చెయ్యి తియ్యలేదు. చాలాసేపటికి నా వేలు మళ్ళీ అక్కడ పెట్టింది. గింజ కరిగిపోయినట్టు మెత్తగా, వెచ్చగా ఉంది. వేడినీళ్ళలో పిండిన గుడ్డతో కాపడం పెట్టాక అమ్మ అక్కడే చాప మీద పడి నిద్రపోయింది. నేనూ పక్కనే పడుకున్నాను.

మర్నాడు పొద్దున లేచేసరికి నాయనమ్మ అమ్మ సంచిలోని నోట్సు పుస్తకాలన్నీ రెండు సంచుల్లోకి సర్దుతోంది. "ఒక్క భుజానే మొయ్యమాక" అంటూ అమ్మకి అందించి, "బస్సు పోద్ది, కదులు" అంది. అమ్మ కాసేపు ఆవిడ మొహంలోకి చూసి, గబగబా చెప్పులేసుకుంది. ఆ తర్వాత వాళ్ళిద్దరూ పోట్లాడుకోలేదని కాదు. సూటిగా పోట్లాడుకున్నారు. మధ్యలో మాటలు మోసే నా కొలువే పోయింది.

ఇప్పుడు మా ఇంట్లోనూ ఎవరో ఒకరు బిగుసుకుపోయి, పలకరిస్తే ముడుచుకుపోయే రోజులుంటాయి. ఏమైందని ప్రశ్నలతో పొడవాలనే నాకూ తోస్తుంది. ఊరుకుని, పక్కన కూర్చుని, వీపు మీద చెయ్యి ఆనిస్తాను. వాళ్ళు పెద్దగా ఊపిరి వదిలేదాకా ఆ చెయ్యి తియ్యను.